కాంటాకెక్కని బరువు

కిందటి వారం రేవులో పెట్టె పడిన చప్పుడు దగ్గర ఆగాం. కథలోకి ఇప్పుడే అడుగు పెడుతున్నవాళ్ళ కోసం అంతకుముందు సంగతి కొంచెం చెప్పుకోవాలి.

వరంగల్‌లో నర్సంపేట రోడ్డు మీద రామలింగం బ్రదర్స్ వర్క్‌షాపు ఉంది. జిన్నింగ్ మిల్లుల్లో దూదిని నొక్కి బేళ్ళు కట్టే ప్రెస్సులు అక్కడ తయారవుతాయి. అన్న రామలింగానిది పెత్తనం, తమ్ముడు శేఖర్‌వి డ్రాయింగులు. ఈ ఏడు మొదటిసారి వాళ్ళ ప్రెస్ ఒకటి సముద్రం దాటబోతోంది. టాంజానియాలో ఒక పత్తి మిల్లు వాళ్ళు కొన్నారు. కంటైనర్‌లో పట్టే వస్తువు కాదు కాబట్టి దాన్ని విప్పి, మూడు పెద్ద చెక్కపెట్టెల్లో బిగించి, ట్రెయిలర్ల మీద రేవుకు పంపారు. కట్లు, తాళ్ళు చూసుకోవడానికి వర్క్‌షాపు పనివాడు యాకయ్య వెంట వెళ్ళాడు. మొదటి పెట్టెను క్రేను ఓడలోకి ఎత్తుతుండగా అది ఒక పక్కకు ఒరిగి, ఇనుప తాళ్ళలోంచి జారి రేవు గట్టు మీద పడింది. యాకయ్య కాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు.

ఆ పెట్టెల బరువు ఇంత అని సంతకం పెట్టింది శేఖర్ భార్య సుభాషిణి. ఎగుమతుల కంపెనీ ఆమె పేరు మీదే ఉంది. ప్రమాదం ఎట్లా జరిగిందో తేల్చడానికి ఇన్సూరెన్స్ సర్వేయరు ఈ రోజు వరంగల్ వస్తున్నాడు.

ఆయన రాక కోసం రామలింగం పొద్దున్నుంచి పెళ్ళిచూపుల ఇంట్లో మేనమామలా హడావిడి పడుతున్నాడు. ఆఫీసు గదిలో సోఫా మీద కొత్త గుడ్డ పరిపించాడు. గోడ మీది సన్మానపత్రాలు తుడిపించాడు. ఏదో క్లబ్బు వాళ్ళు తనకు శాలువా కప్పుతున్న ఫొటోను, వచ్చినవాడికి ముందు అదే కనపడేట్టు తలుపుకు ఎదురుగా మార్పించాడు. హనుమకొండ నుంచి మిఠాయిలు తెప్పించాడు. అవి చాలవనిపించి జీడిపప్పు కోసం మళ్ళీ మనిషిని పరుగెత్తించాడు. చొక్కా మార్చుకుని, అద్దంలో చూసుకుని, మళ్ళీ మొదటి చొక్కాయే వేసుకున్నాడు. ఇంత హడావిడిలోనూ యాకయ్యకు ఎట్లా ఉందని మాత్రం ఎవర్నీ అడగలేదు.

సుభాషిణి బల్ల దగ్గర కూర్చుని అంతా చూస్తోంది. బావ మీద ఆమెకు కోపం లేదు. కోపమైతే ఏదో ఒక రోజు చల్లారేది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, దసరా భోజనాలకు వర్క్‌షాపు కూలీలకు మాత్రం వేరే బియ్యం వండమని అతను వంటమనిషికి మెల్లగా చెప్పడం ఆమె చెవిన పడింది. ఆ మనిషి ఎంతవాడో ఆ పూటే తేల్చేసుకుంది. తరవాత ఇన్నేళ్ళలో ఆమె తన అంచనాను పైకి గానీ కిందికి గానీ మార్చుకునే అవసరం అతను కలిగించలేదు, ఒక్కసారి తప్ప. మూడేళ్ళ కింద ఎగుమతుల కంపెనీ పెట్టినప్పుడు దాన్ని ఆమె పేరు మీద పెట్టించాడు. బంధువులందర్నీ పిలిచి, కేకు కోయించి, "ఈ ఇంట్ల లెక్క తప్పని మనిషి మా మరదలొక్కతే" అన్నాడు. హనుమకొండ చౌరస్తాలో బేరింగుల దుకాణం నడిపిన సుభాషిణి తండ్రి అప్పుడు బతికే ఉన్నాడు. కూతురి పేరు రాసిన బోర్డును ఆయన దగ్గరికి పోయి చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ ఒక్క పూట కోసం సుభాషిణి తన మనసులో బావకు రవ్వంత మర్యాద మిగిల్చి ఉంచింది.

ఇక మొగుడు శేఖర్. ఇంజనీరింగ్ చదివాడు, డ్రాయింగు చక్కగా గీస్తాడు. ఏ చొక్కా వేసుకోవాలో పెళ్ళాన్ని అడుగుతాడు, ఏ మాట మాట్లాడాలో అన్నను అడుగుతాడు. అతను చెడ్డవాడని సుభాషిణి ఎన్నడూ అనుకోలేదు. చెడ్డపని చేయడానికి కూడా కాస్త సొంత బుద్ధి ఉండాలి కదా అనుకుని ఊరుకుంది.

సర్వేయరు పేరు ఉదయ్. కోస్తా మనిషి. రైలు ప్రయాణంలో నలిగిన చొక్కాతోనే వచ్చాడు. సోఫాలో కూర్చోలేదు, శాలువా ఫొటో చూడలేదు, కుర్చీ ఒకటి సుభాషిణి బల్ల ముందుకు లాక్కున్నాడు.

"సార్, నలభై ఏండ్ల పేరు మాది," అని రామలింగం మొదలుపెట్టాడు. "ఇప్పటి దాంక ఒక్క మచ్చ లేదు. జర ముందు టిఫిన్ చేయున్రి..."

"మేడమ్‌తో మాట్లాడాలండి," అన్నాడు ఉదయ్, తల తిప్పకుండానే. "పెట్టెలు తూయించింది మీరేనా?"

"నేనే," అంది సుభాషిణి. "ఈ రోడ్డు చివర్ల ధర్మకాంటా ఉన్నది. ఒక్కొక్క పెట్టెను ట్రెయిలర్ మీద పెట్టి తూపిచ్చిన. నా కండ్ల ముందట."

"తూచాక నేరుగా రేవుకు పంపేశారా?"

"లేదు, మల్ల ఈడికే తెచ్చి నిలబెట్టినం. అప్పుడు మేడారం జాతర నడుస్తాండె గద, పెద్ద బండ్లను రోడ్ల మీదికి రానియ్యలే. జనం తగ్గినంక పంపినం."

"రేవులో క్రేనుకు మీటరుంటుందండి. మీరు రాసిచ్చిన దానికంటే నాలుగు టన్నులు ఎక్కువ చూపించింది. క్రేను నడిపేవాడు కంగారుపడి ఆపేలోపే పెట్టె ఒరిగిపోయింది."

సుభాషిణి మొహం ఎర్రబడింది. ఆమె చిన్నప్పటి నుంచీ తూకాల మధ్య పెరిగింది. తండ్రి దుకాణంలో బేరింగును అరచేతిలో పెట్టుకుని నంబరు చెప్పేది. అట్లాంటిది నాలుగు టన్నులు తప్పావని ఒకడు వచ్చి మొహం మీద అనడమా.

"నాలుగు టన్నులంటే నాలుగు కిలోలు గాదు సార్. ఆ మీటరునే ఎవరికన్న చూపెట్టుకోన్రి."

"మీటరూ తప్పు చెప్పొచ్చు, కాంటా కూడా చెప్పొచ్చండి. కాంటా చూద్దామనే ఇంత దూరం వచ్చాను. అది సరిగ్గా ఉంటే ఇంక మీ మాటే నా మాట. పడిన పెట్టెని ఎవరూ విప్పకుండా గొడౌన్లో పెట్టి సీలు వేశారు. మిగతా రెండూ గట్టు మీదున్నాయి. ఓడ ఇవాళే వెళ్ళాలి. నేను ఫోన్ చేసేదాకా వాటిని కదపొద్దన్నాను."

ఫోర్‌మన్ సారయ్యను వెంటబెట్టుకుని, బరువు తెలిసిన ఇనుప దిమ్మలు ఆటోట్రాలీకి ఎక్కించుకుని అతను కాంటాకు వెళ్ళాడు. మిఠాయి పళ్ళెం ముట్టనిది ముట్టనట్టే ఉంది. రామలింగం దానిమీద మూత పెట్టి, "గర్వం మనిషి" అన్నాడు.

ఆ ట్రాలీ గేటు దాటీ దాటకముందే ఇంకో ఆటో లోపలికి వచ్చింది. అందులోంచి యాకయ్య భార్య కట్టమ్మ దిగింది. ధర్మసాగర్ దగ్గరి పల్లెలో ఉంటుంది. దవాఖానలో మొగుడి దగ్గర తమ్ముణ్ణి ఉంచి, పిల్లల కోసం నిన్ననే తిరిగొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెను ఎవరు పిలిపించారో సుభాషిణికి అర్థం కాలేదు. రామలింగం ఎదురుపోయి లోపలికి తీసుకొచ్చేసరికి అర్థమైంది.

అతను ఆమెను కూర్చోమనలేదు. తను మాత్రం కూర్చున్నాడు. శేఖర్ కిటికీ దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. సుభాషిణి లేచి తన కుర్చీ కట్టమ్మ వైపు జరిపింది. కట్టమ్మ కూర్చోలేదు.

"చూడు కట్టమ్మా," అన్నాడు రామలింగం. "ఒక్క మాట అడుగుత, సీదా చెప్పు. నీ మొగడు తాగుతడా, తాగడా?"

"తాగుతడు సేటూ. దసరాకు మీరే పోపిస్తరు గద."

"గంతే. ఆ సర్వేయర్ సారు ఇప్పుడొస్తడు. నిన్ను అడిగితే, ఆ పొద్దు కూడ తాగి ఉన్నడని చెప్పు. తాగిన చేతుల్తోటి తాడు ఏసిండు, తాడు జారింది. కథ ఖతం. దవాఖాన ఖర్చు గిట్ల నువ్వేం ఫికర్ జెయ్యకు, నేను చూసుకుంట."

"ఆ పొద్దు తాగలే."

"నువ్వు చూసినవా? నువ్వు ఊళ్ళె, వాడు రేవుల."

"మీరు చూసిన్రా సేటూ?"

రామలింగం నవ్వాడు. ఎదుటివాళ్ళు తనకన్నా తక్కువవాళ్ళని గుర్తు చేయాల్సి వచ్చినప్పుడు నవ్వే నవ్వు అది. "వాని కాలు ఎట్లన్న పోయింది. ఇంత మాట అన్నంత మాత్రాన మల్ల పోయేది ఇంకో కాలేం లేదు గద. నీ బతుకు కోసమే చెప్తాన్న."

 బావ ఇంత దిగజారతాడని సుభాషిణికి తెలుసు. ఇంత తేలిగ్గా దిగజారతాడని తెలియదు.

"ఏం చెప్పిస్తాన్నరు బావా మీరు? యాకయ్య గొలుసు పట్టుకునే ముందట తాగంగ ఈ వర్క్‌షాపుల ఎవరన్న చూసిన్రా? ఎందుకు ఆయన మీదికి తోస్తున్నరు? పెట్టె మంచిగనే ఉన్నది, బరువు మంచిగనే ఉన్నది. తప్పు రేవోళ్ళదైతే రేవోళ్ళదని కొట్లాడుదాం."

"నువ్వు ఊకో సుభాషిణీ. ఇవి నీకు తెల్వయి."

అప్పుడు కట్టమ్మ రామలింగం వైపు నుంచి సుభాషిణి వైపు తిరిగింది.

"అమ్మా, ఆయన ఒక మాట చెప్పిండు. మీకొక్కరికే చెప్పుమన్నడు. ఎవ్వరు లేనప్పుడు చెప్పుదామనుకున్న. ఈ సేటు మాటలు ఇన్నంక ఇగ అందరి ముందటనే చెప్తాన్న. పెట్టె కింద పడ్డప్పుడు ఒక మూలకు చెక్క లేచిందట. ఆయన దాని పక్కనే పడి ఉన్నడు గద. లోపల తోలు రోలర్లు కనవడ్డయట. పాతయి. పరకాల మిల్లుల నేనే విప్పిన, నా చేతికి ఎరక లేదా అన్నడు. మీ ఇంటి గుట్టు గదా అని ఆడ ఎవ్వరికి చెప్పలే. కాలు కోసెటప్పుడు గూడ నోరు తెరువలే."



సుభాషిణికి ఆ రోలర్లు తెలుసు. పరకాలలో మూతపడిన ఒక జిన్నింగ్ మిల్లు నుంచి పాత సామానును అన్నదమ్ములు ఎండాకాలంలో తుక్కు కింద కొన్నారు. పత్తి నుంచి గింజను వేరుచేసే తోలు రోలర్లు, కాలిపోయి మళ్ళీ చుట్టించిన మోటార్లు. షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడి ఉన్నాయి. రోజూ కారు పెట్టేటప్పుడు ఆ గుట్టను చూస్తూనే ఉంది.

ఆమె ఏమీ అనకుండా బయటికి నడిచింది. షెడ్డు వెనక్కి వెళ్ళి, టార్పాలిన్ తాడు విప్పి, ఒక అంచు పట్టి లాగింది. కింద ఖాళీ నూనె డ్రమ్ములు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గుట్ట ఎత్తు తగ్గకుండా వాటి మీద పాత టైర్లు పేర్చారు. ఎవరో చాలా శ్రద్ధగా చేశారు. ఆమె వెనకాలే వచ్చిన కట్టమ్మ కూడా చూసింది.

సుభాషిణి తిరిగి లోపలికి వచ్చింది. ఆమె తిన్నగా రామలింగం ముందుకు వెళ్ళి నిలబడింది.

"కాంటా అయినంక నన్ను మేడారం పంపిందెవరు? మీరే గద. అత్తమ్మను తోలుకొని పో, మొదటి మాలు సముద్రం దాటుతాంది, నిలువెత్తు బంగారం ఇచ్చి రా అన్నరు. నేను పోయి త్రాసుల కూసున్న. నా బరువుకు సరిపోయేంత బెల్లం తూపిచ్చి, తల్లీ నా మాలు క్షేమంగ చేరాలె అని గద్దెల కాడ దండం పెట్టుకుంటాన్న. నేనాడ తూగుతాంటే మీరీడ పెట్టెలు నింపుతాన్నరు."

రామలింగం వాచీ చూసుకున్నాడు.

"దొంగతనం చేసినా జర దర్జా ఉండాలె బావా. ఊరంత శాలువాలు కప్పిచ్చుకొని, గోడ నిండ ఫొటోలు పెట్టుకొని, ఆఖరికి తుక్కు రోలర్లు దాచిపెట్టి పంపే బతుకా మీది? మీ తుక్కు కింద ఒక మనిషి కాలు పోయింది. అది చాలలేదు, ఆ మనిషి మీద తాగుబోతని ముద్ర గూడ ఏస్తాన్నరు. మీరు ఇంత చిన్నోళ్ళని నాకెప్పుడో ఎరకే. ఇంకా చిన్నగ కాగలుగుతరని తెల్వకపాయె."

ఇన్నేళ్ళ నుంచి లోపల దాచుకున్న మాటలు అంత సులువుగా, అంత వరసగా వస్తాయని ఆమె అనుకోలేదు. ఎదురుతిరిగి అరుస్తాడని ఎదురుచూసింది. అతను అరవలేదు. ఆమె మాటలు తనవి కానట్టు, పొరపాటున తన గడపకు వచ్చిన ఉత్తరం ఎవరో చదువుతుంటే విన్నట్టు విన్నాడు. తరవాత మెల్లగా తల తిప్పి కిటికీ వైపు చూశాడు.

"చెప్పురా," అన్నాడు. "నీ పనికి నేనెందుకు పడాలె మాటలు?"

శేఖర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"అన్న కాదు సుభా," అన్నాడు. "నేను పెట్టిచ్చిన."

సుభాషిణి అతని వైపు చూసింది. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉందని, పొద్దున తనే కుడతానని చెప్పి మరిచిపోయిందని ఎందుకో గుర్తొచ్చింది.

"మీరా?"

"టాంజానియాల ఒకతను అడిగిండు, పాత రోలర్లు, మోటార్లు కావాలని. పాత సామానంటే ఆ దేశంల రానియ్యరు, తనిఖీ, సర్టిఫికెట్టు, మస్తు లొల్లి. పెట్టె ఎట్లన్న పోయేదే గద. లోపల అంత ఖాళీ జాగ ఉండె. ఒక్కసారికని..."

"తాడు ఎక్కడ ఏయాలెనో పెట్టె మీద గొలుసు బొమ్మ గీపిచ్చింది మీరు. బరువు ఏడ ఉంటదో లెక్క కట్టింది మీరు. ఆ డ్రాయింగు మీదే గద. నాలుగు టన్నులు తీసుకపోయి ఒక్క పక్కకు పెడితే ఏమైతదో తెల్వదా?"

"ఖాళీ ఆ పక్కకే ఉండె," అన్నాడు శేఖర్.

ఆ జవాబు విని కట్టమ్మ తల పక్కకు తిప్పుకుంది. సుభాషిణికి నవ్వు వచ్చింది. అది నవ్వని గదిలో ఇంకెవరికీ తెలియలేదు. ఇంజనీరింగ్ కాలేజీ, మూడు రంగుల పెన్సిళ్ళు, అద్దంలాంటి డ్రాయింగులు, అన్నిటి చివరా మిగిలిన తెలివి ఇది. ఖాళీ ఆ పక్కకే ఉంది. బావను అసహ్యించుకోవడానికి ఆమె ఎంత శ్రమ పడిందో, ఎన్నేళ్ళు కాపలా కాసిందో. అదంతా పక్క మనిషిని చూడకుండా చేసిన కాపలా.

"నన్నొక్క మాట అడుగొద్దా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను. అందుకేనా నన్ను జాతరకు పంపింది? మరి సంతకం నాది గద. రేపు ఇది బయటపడితే పోలీసులు ఎవరింటికి వస్తరని అనుకున్నరు?"

 జవాబు రామలింగం చెప్పాడు. ఇప్పుడిక తన వంతు వచ్చిందన్నట్టు కాళ్ళు చాపుకుని, తీరిగ్గా మాట్లాడాడు.

"అందుకే గద సుభాషిణీ కంపెనీ నీ పేరు మీద పెట్టింది. ఆఫీసులల్ల ఆడమనిషి సంతకమంటే ఎవ్వడు గట్టిగ అడుగడు. అడిగినా రెండు కన్నీటి చుక్కలు కారిస్తే వదిలిపెడతరు. లోకం గట్లున్నది, నేను చేసిన్నా? నువ్వే దాన్ని పెద్ద సన్మానమనుకున్నవు. మేం కాదనలే."

సుభాషిణి అక్కడే నిలబడి ఉంది. బోర్డు మీద తన పేరును తండ్రి వేళ్ళు తడమడం కళ్ళ ముందు కదిలింది. ఆయన పోయేదాకా ఆ బోర్డు మాట ప్రతి చుట్టానికీ చెప్పుకున్నాడు. పోయి మంచిపని చేశాడు అనుకుంది.

ఆమె కన్నీరు కార్చలేదు. బావ చెప్పిన రెండు చుక్కలూ ఇప్పుడు కారిస్తే అతని లెక్క సరిపోతుంది.

"నేను మిమ్మల్ని తిడదామని ఇంత సేపు మాటలు ఏరుకుంటాన్న," అంది. "అక్కర లేకపాయె. ఇద్దరు కలిసి అనుకున్నరు, ఇంటి ఆడామెను ముందట నిలబెడితే మనకు ఎండ తగలదని. మిమ్మల్ని నేను ఏం మాట అన్నా అది మీకంటే పెద్దగనే ఉంటది."

"మాటలు తరువాత," అన్నాడు రామలింగం. "ఇప్పుడు సారు వస్తడు. ఏం చెప్పాలెనో..."

"మిగిలిన రెండు పెట్టెలు?" సుభాషిణి మొగుడి వైపు తిరిగింది. "వాటిల్ల గూడ పెట్టిన్రా?"

"మూడోదాంట్ల ఏం లేదు."

"రెండోదాంట్ల?"

"మోటార్లు."

"ఒక్క పక్కకేనా?"

శేఖర్ నేల చూశాడు. అంతలో గేటు దగ్గర ఆటోట్రాలీ హారన్ వినిపించింది. రామలింగం లేచి చొక్కా కాలరు సవరించుకుని, మిఠాయి పళ్ళెం మీద మూత తీసి, విందు వడ్డించబోతున్నంత మెత్తగా అన్నాడు.

"జర ఆలోచించు. నువ్వు నోరు తెరిస్తే జైలుకు పోయేది నేను గాదు, వీడు గాదు. నువ్వు. ఈమె సంగతి నేను చూసుకుంట." ఈమె అన్నది కట్టమ్మను. కట్టమ్మ అతని వైపు, చెప్పులకంటిన బురదను చూసినట్టు చూసి, ఆ చూపు కూడా దండగనుకున్నట్టు మరల్చుకుంది.

ఉదయ్ లోపలికి వచ్చాడు. ఇందాకటి బిగువు మొహంలో లేదు. చెమట తుడుచుకుంటూ మొదటిసారి నవ్వాడు.

"మేడమ్, మీకు సారీ చెప్పాలండి. కాంటా కచ్చితంగా ఉంది, రవ్వంత కూడా తేడా లేదు. అక్కడి వాళ్ళు కూడా చెప్పారు, మీరు నిలబడి ప్రతి పెట్టెనీ తూయించారటగా. ఇలా చేసేవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను. క్రేను మీటరే తప్పు చూపించుంటుంది, తాడు వేయడంలోనే ఏదో పొరపాటు జరిగుంటుంది. మీ మాట మీదే నేను..." అంటూ కుర్చీలో కూర్చుని, పళ్ళెంలోంచి మిఠాయి ఒకటి అందుకున్నాడు. "వచ్చే దారిలోనే రేవుకి ఫోన్ చేసేశాను. రెండో పెట్టె ఎత్తేయమన్నాను."

రామలింగం చేతులు జోడించాడు. "మీ అసొంటి పెద్దమనుషులు..."

"ఆపుమనున్రి," అంది సుభాషిణి.

ఉదయ్ మిఠాయి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"ఆ పెట్టెను ఎత్తొద్దని చెప్పున్రి సార్. ఇప్పుడే. నేను సంతకం పెట్టిన బరువొకటి, దాంట్ల ఉన్న బరువొకటి. నేను తూపిచ్చినంక నింపిన్రు. అంత ఒక్క పక్కకే ఉన్నది."

"సార్, యాకయ్య సంగతి ఇన్నప్పటి సంది మా మరదలికి మనసు మంచిగ లేదు..." రామలింగం అడ్డం వచ్చాడు.

"మేడమ్," ఉదయ్ గొంతు మారిపోయింది. "మీరేం అంటున్నారో తెలుసా? ఇది నేను రాసుకోవాల్సొస్తుంది. మీ పేరు మీద."

"రాసుకోన్రి. ముందు ఫోన్ చేయున్రి."

అతను ఫోన్ తీసి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కట్టమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కొంగు పిడికిట్లో బిగించి, ఆ చిన్న తెర వైపే చూస్తోంది. రేవు గట్టు మీద ఇప్పుడు నిలబడినవాళ్ళలో ఆమెకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఊపిరి బిగబట్టింది.

ఈసారి ఎవరో ఎత్తారు. గాలి హోరు, ఇనుము కిర్రుమంటున్న మోత, దూరంగా ఎవరివో కేకలు.

"దింపేయండి," అన్నాడు ఉదయ్. "పెట్టె దింపేయండి, వినపడుతోందా?"

"ఎలా దింపమంటారండి?" అవతలి గొంతు అరిచింది. "గట్టు దాటేసింది, సగం ఓడ మీద, సగం నీళ్ళ మీద ఉంది. ఒక పక్కకి వాలిపోతోంది. కింద ఓడలో మనుషులున్నారు. లోపల బరువు ఏ చివరుందో చెప్పండి, ఆ పక్క తాడు ముందు వదులు చేయాలా, బిగించాలా తెలీడం లేదు. తొందరగా చెప్పండి."

ఉదయ్ తలెత్తి సుభాషిణి వైపు చూశాడు. సుభాషిణి మొగుడి వైపు తిరిగింది.

"ఏ చివర పెట్టిన్రు?" అంది. "చెప్పున్రి. ప్రెస్ పంపు ఉన్న దిక్కా, నూనె ట్యాంకు ఉన్న దిక్కా?"

శేఖర్ నోరు తెరిచాడు. ఆ తరవాత, ఏ మాట మాట్లాడాలో తెలియనప్పుడల్లా చేసే పనే చేశాడు. అన్న వైపు చూశాడు.

రామలింగం, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.